రాజవ్వ వదినె మొద్దు కత్తులు

మా రాజవ్వ వదినె ఇంట్లో కత్తులు తెగవు. ఈ మాట మా చుట్టాల్లో ఎవరినడిగినా చెబుతారు. ఎల్లారెడ్డిలో వాళ్ళింటికి పెండ్లికి పోయినా, పురుడుకు పోయినా, కూరగాయలు కోయడానికి కూర్చున్న ఆడవాళ్ళు ముందు కత్తిని వేలితో తడిమి చూసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. "వదినె, ఈ కత్తి పిల్లగానికి ఆడుకోనిచ్చినా ఏం గాదు" అని ఒకసారి, "టమాట కొయ్యమంటే పిసుకుతున్నది, దీన్ని పప్పుగుత్తి చేస్కో" అని ఇంకోసారి. వదినె కూడా నవ్వేది. "నాకు గిట్లనే అలవాటు తీయ్ సుగుణా" అనేది. ఆ అలవాటు ఎక్కడిదని ఒక్కసారన్నా అడగలేదు నేను. ముప్పై ఏళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగి బతికిన టీచరమ్మను!

పోయిన నెల శీను ఫోన్ చేశాడు. శీను వదినె చిన్నకొడుకు, ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడుపుకుంటాడు. "అత్తా, అమ్మ సోరకాయ కోస్తుంటె కత్తి జారింది. ఎడమ చెయ్యి బొటనవేలి కాడ నాలుగు కుట్లు పడ్డయ్. భయం ఏంలేదు గని ఒకసారి వచ్చిపో, నిన్ను యాది చేస్తున్నది" అన్నాడు. ఎడమ చేయి బొటనవేలు అన్న తర్వాత వాడేం చెప్పాడో నాకు సరిగా వినబడలేదు. ఆ వేలు, ఆ చోటు నాకు బాగా తెలుసు. నా చిన్నప్పుడు మా బాపుకు తెగింది కూడా సరిగ్గా అక్కడే.

మొద్దు కత్తి కాబట్టే వదినె చేయి కోసుకుంది. జనం దీన్ని ఉల్టా అనుకుంటారు. ధార ఉన్న కత్తంటే భయపడతారు, మొద్దు కత్తిని నమ్ముతారు. ధార ఉన్న కత్తి పంపిన చోటికి పోతుంది. మొద్దు కత్తిని నొక్కాలి, నొక్కినకొద్దీ అది కాయ తొక్క మీద జారుతుంది, జారి ఎదురుగా ఏముంటే దాని మీదికి వస్తుంది. ఎదురుగా ఉండేది మన ఎడమ చేయే కదా. ఇదంతా ఏ పుస్తకంలోనో చదివి చెబుతున్నది కాదు. పదకొండేళ్ళ వయసులో మా వాకిట్లో నేర్చుకున్నాను, నేర్చుకుని నోరుమూసుకున్నాను.

కామారెడ్డిలో మా ఇంట్లో కత్తులకు సానపెట్టే సామాను ఒకటి ఉంది. నా చేతులు వణుకుతున్నా నేను కూరగాయల కత్తిని గడప మీద రాస్తూనే ఉన్నానని మా అమ్మాయి కోప్పడి, హైదరాబాద్ నుంచి పంపించింది. కత్తి వీపును బిగించి పట్టే ఒక పట్టు, దాని పక్కన నిలువు కమ్మీ, ఆ కమ్మీకి ఉన్న కన్నంలోంచి అటూ ఇటూ ఆడే పొడుగాటి ఇనుప పుల్ల, పుల్ల చివర రాయి. ఎంత వాలుగా నూరాలో మొదట ఒకసారి పెట్టుకుంటే చాలు, ఎన్నిసార్లు లాగినా రాయి అదే వాలులో పోతుంది, అదే వాలులో వస్తుంది. చేయి వణికినా రాయి వణకదు. కింద తడిబట్ట పరవాలి, లేకపోతే బల్ల మీద సామాను జరుగుతుంది. వేళ్ళు ఎప్పుడూ రాయి వెనకే ఉండాలి, ధారకు ముందుకు పోగూడదు. ఒక పక్క ఎన్నిసార్లు లాగితే రెండో పక్కా అన్నేసార్లు లాగాలి. అవతలి అంచున సన్నటి గరుకు లేచిందో లేదో వేలితో చూసుకోవాలి, అదీ ధార పొడవునా కాదు, వీపు వైపు నుంచి అంచు బయటికి అడ్డంగా. తర్వాత నున్నటి రాయి మార్చి మెల్లగా నాలుగు లాగితే ఆ గరుకు పోతుంది. మొదటిసారి దాన్ని బిగించి రాయి లాగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మా బాపు మణికట్టులో ఉన్న విద్యంతా ఆ కన్నంలో ఉంది. ఆ రోజు నా దగ్గర ఇదొక్కటి ఉండి ఉంటే అని సిగ్గులేకుండా అనుకున్నాను కూడా. ఉంటే మటుకు? నేను చేసిన తప్పు నూరడంలో ఒక్కటే లేదు.

మాది కల్లుగీత ఇల్లు. బాపు ఎల్లారెడ్డి అంచునున్న తాటివనంలో పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చెట్లెక్కి, గెలలు గీసి, కల్లు నిండిన లొట్లు దించేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర తిని వాకిట్లో గొంతుకూర్చుని కత్తి నూరేవాడు. పొడుగాటి చెక్క మీద, పలుగురాయిని దంచి జల్లించిన తెల్లపొడి చల్లి, సరసరమని లాగేవాడు. ఆ చప్పుడు ఆగేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. మధ్యమధ్య ముంజేతి మీద వెంట్రుకలు గీకి ధార చూసుకునేవాడు, అందుకే బాపు ఎడమ ముంజేయి ఎప్పుడు చూసినా నున్నగా ఉండేది. నేను పక్కన చేరితే, "పండవెట్టాలె బిడ్డా, కత్తిని నిలవెట్టద్దు. నిలవెడితె ధార మలుగుతది" అని చెప్పేవాడు. తర్వాత కత్తిని ముత్తాదులో, అంటే నడుముకు కట్టుకునే సరంజామాలో పెట్టి, దాన్ని అరుగు మీద గోడకున్న కొయ్యకు తగిలించి, ఇంట్లోకి పోయి కునుకు తీసేవాడు. ఆ ముత్తాదుకు పులిసిన కల్లు వాసన, సున్నం వాసన, బాపు చెమట వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడన్నా సున్నం తడిస్తే నాకు ఆ కొయ్యే గుర్తొస్తుంది.

కత్తుల విషయంలో మా అవ్వకు, అంటే మా అమ్మకు, చాలా పట్టింపులుండేవి. ఏ కత్తినైనా సరే, చేతికి చేయి ఇవ్వగూడదు. కింద పెట్టాలి, అవతలి మనిషి కిందినుంచి తీసుకోవాలి. చేతికిస్తే ఆ ఇద్దరికీ కొట్లాట అవుతుందట. ఇక గీత కత్తి అయితే ఆడవాళ్ళెవరూ తాకేదే లేదు. నెలసరిలో ఉన్న ఆడది దాని దరిదాపులకు పోతే చెట్టుకు కల్లు పారదు, కత్తి చెయ్యి మీదికే తిరుగుతుంది అనేది. అట్లా అనేది కానీ, ఆ రోజుల్లో ఇంట్లోకి రానివ్వని ఆడదాన్ని కూర్చోబెట్టే చోటు మాత్రం ఆ అరుగే. కొయ్యకు బారెడు దూరంలో. ఇదేం లెక్క అని ఎవరికీ తట్టలేదు.

రాజవ్వ వదినె నాగిరెడ్డిపేట నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. పదహారు, పదిహేడేళ్ళుంటాయేమో. మా సాయిలన్న కామారెడ్డిలో మోటారు వైండింగ్ పని నేర్చుకుంటూ వారానికోసారి వచ్చేవాడు. కాబట్టి వదినెకు ఇంట్లో తోడు నేనే. నా తల చిక్కు తీస్తూ, పోచారం చెరువు నిండితే వాళ్ళ ఊళ్ళో పొలాలు ఎట్లా కనబడతాయో చెప్పేది. పుట్నాలో బెల్లమో దొరికితే ముందు నా నోట్లో పెట్టేది. "నువ్ నా చెల్లెవు గాదు, నా బిడ్డవు" అనేది. నాకంటే అయిదారేళ్ళు పెద్దది, అంతే!

ఎండాకాలం, ఒంటిపూట బళ్ళు. నాకప్పుడు ఒక గర్వం ఉండేది. క్లాసులో అందరి పెన్సిళ్ళూ బ్లేడుతో చెక్కినవి, నాది మాత్రం సూదిమొన లాగా ఉండేది. బాపు కునుకు తీసేటప్పుడు గీత కత్తి తీసి చెక్కుకునేదాన్ని. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు, ఒక్కసారీ దొరకలేదు. ఆ రోజు వదినె నెలసరితో బయట ఉంది. అరుగు చివర చాప మీద గోడవైపు తిరిగి పడుకుని నిద్రపోతోంది. నేను పిల్లిలాగా ఆమెను దాటిపోయి కత్తి తీసి, ఇంటి వెనక నీళ్ళు పోసుకునే బండ దగ్గర కూర్చున్నాను. పెన్సిల్ చెక్కుతుంటే చేయి జారి కత్తి బండ మీద పడింది. ధార మీద బియ్యపు గింజలో సగమంత గాటు.

బాపు లేచేలోపు అది పోవాలి. బాపు నూరడం రోజూ చూసినదాన్నే కదా, నేనూ నూరతాను అనుకున్నాను. చెక్క తెస్తే చప్పుడవుతుందని ఆ గరుకు బండ మీదే రాశాను. గాటు తొందరగా పోవాలని కత్తిని నిలబెట్టి రాశాను. పండవెట్టాలె అన్న మాట గుర్తు లేక కాదు, పండబెడితే ఆలస్యమవుతుందని. గాటు పోయింది. కంటికి కత్తి మెరుస్తూనే ఉంది. ధార మాత్రం మలిగి మొద్దుబారింది, అది నా కంటికి తెలియలేదు. లంగాకు తుడిచి తీసుకెళ్ళి ముత్తాదులో పెట్టేశాను. వదినె అట్లాగే నిద్రపోతోంది.

బాపు లేచి మొహం కడుక్కుని, ముత్తాదు కట్టుకుని పోయాడు. కత్తిని ఎందుకు చూసుకుంటాడు? గంట కింద తనే నూరాడు. చెట్టు మీద గెల గీయబోతే కత్తి పట్టలేదు. అలవాటైన చేయి కాబట్టి ఇంకాస్త బలంగా లాగాడు. కత్తి గెల మీద జారి ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. ఒంటిచేత్తో చెట్టెట్లా దిగాడో ఆ దేవుడికే తెలియాలి. పక్క చెట్ల వాళ్ళు తువ్వాల చుట్టి ఇంటికి తెచ్చారు, తర్వాత దవాఖానకు పోయారు. ప్రాణానికేం కాలేదు. వేలు మాత్రం మళ్ళీ వంగలేదు. బొటనవేలు వంగకుండా మోకు పట్టుకుని తాటిచెట్టు ఎక్కడం కాని పని.

దవాఖాన నుంచి వచ్చాక అరుగు మీద కూర్చుని బాపు ఒకటే మాట అన్నాడు. "నేన్ నూరిన కత్తి అది. నా కత్తి పట్టకపోవుడేంది?" అవ్వకు ఆ మాట చాలు. చూపు చాప మీదికి పోయింది. "రాజవ్వా, కొయ్య దగ్గరికి పోయినవా?" అని అడిగింది. వదినె లేచి నిలబడి, "లేదత్తా, పండుకున్న" అంది. అవ్వ వదల్లేదు. నాకేసి తిరిగి, "నువ్ ఇంట్లనే ఉంటివి గద పిల్లా, నువ్ చెప్పు. ఆడికి పోయిందా?" అంది.

నేను అబద్ధం చెప్పలేదు. అదే నా తెలివి. "గా కొయ్య కాడనే ఉన్నది" అన్నాను. అంతే. నిజమే కదా, ఆమెను కూర్చోబెట్టిన చోటే అది. వదినె నా మొహం చూసింది, కోపంగా కాదు, నా మాటలో తనకు తెలియనిదేదో ఉందేమోనని వెతుక్కుంటున్నట్టు. అప్పుడు తనంతట తనే అంది, "ఏమో అత్తా. నిద్రల నా కొంగు తాకిందేమో." ఛీ, ఆ పూట నా జేబులో పెన్సిల్ అట్లాగే ఉంది. సూదిమొనతో.

మరునాడే వదినెను నాగిరెడ్డిపేట బస్సెక్కించారు. మళ్ళీ బతుకమ్మ దాకా తీసుకురాలేదు. ఆ నెలలన్నీ నా తల అవ్వే దువ్వింది, చిక్కు తీసే ఓపిక లేక పీకేది, ఆ నొప్పికి నేను ఏడిస్తే వదినె మీద బెంగ అనుకునేవాళ్ళు. అన్న మోటారు పని మానేసి వచ్చి బాపు చెట్లు ఎక్కాడు. పోయేదాకా ఎక్కుతూనే ఉన్నాడు. తిరిగొచ్చాక వదినె నాతో ముందులాగే ఉంది. ఇంకా ఎక్కువ ప్రేమగా ఉంది అనాలి. రోజూ రేపు చెబుదాం అనుకున్నాను. తర్వాత మెల్లగా అనుకోవడం కూడా మానేశాను.

ఇంకా చెప్పాలి, ఇదీ చెబితేనే లెక్క. సదాశివనగర్ బడిలో పనిచేసేటప్పుడు ఆడపిల్లల్ని ఒక్క దగ్గర కూర్చోబెట్టి, నెలసరికి అంటు లేదు, దోషం లేదు అని చెప్పేదాన్ని. బాగా చెబుతానని పేరుండేది. ఉదాహరణకు ఒక కథ చెప్పేదాన్ని. "ఒక ఊళ్ళో ఒక కోడలు, ఆమె అరుగు మీద కూర్చున్నందుకే మామ చెయ్యి తెగిందని పుట్టింటికి తోలేశారు, చూడండి ఎంత అన్యాయమో!" పిల్లలు అయ్యో అనేవాళ్ళు. కత్తి ఎందుకు జారిందో ఆ కథలో ఉండేది కాదు. ఆడపడుచే ఉండేది కాదు. వదినె బతుకును పాఠం చేసి మెప్పు పొందాను, ఆమెకు మాత్రం ఆ పాఠం చెప్పలేదు. దీనికంటే నీచం ఏముంటుందో నాకు తెలియదు.

శీను ఫోన్ వచ్చిన మూడోరోజు, సానపెట్టే సామాను సంచిలో వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. పాలకూర, అరడజను బత్తాయిలు కూడా తీసుకున్నాను. ఉత్త సామాను తీసుకుపోతే వదినెను మళ్ళీ ఎగతాళి చేసినట్టుంటుందని. వదినె చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది, నన్ను చూసి మొహమంతా నవ్వింది. కోడలు చాయ్ పెట్టి తన పనికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

"ఇయ్యాల నీ కత్తుల సంగతి చూస్త వదినె" అని వంటింట్లో కింద బండ మీద తడిబట్ట పరిచి సామాను బిగించాను. మూడు కత్తులూ తీశాను. వదినె ఊరికే ఉండలేదు. మంచం దిగి నడిచి వాకిట్లోకి పోయింది. ఎండలో నిలబడింది.

"ఏంది వదినె, గట్ల పోతవ్? రా, ఎట్ల నూరాల్నో చూపిస్త. గిండ్ల భయం ఏంలేదు, చెయ్యి తెగదు."

"నువ్ చేస్కో బిడ్డా. కత్తి నూరంగ నేను ఆడ ఉండద్దు."

"ఎందుకుండద్దు?"

"నీకెరుకనే గద." వదినె గొంతులో దాపరికం ఏమీ లేదు, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టే చెప్పింది. "మామ చెయ్యి నా మూలంగనే పాయె. మీ అన్న నేర్సుకున్న పని ఇడిశిపెట్టి చెట్లెక్కె. గప్పటిసంది ధారున్న కత్తి నేను ముట్టలే. మొద్దుదైతె ఎవలికీ ఏం గాదు గద."

"ముసలిదానివైనవ్ వదినె. ఇంకా గా ముట్టేంది, అంటేంది?" అన్నాను. నోరు నాది, మాటలు బడిలో చెప్పినవే.

"ముట్టు పోతది. చేసింది పోతదా?" అంది.

రాయి నా చేతిలో ఉంది. కత్తి పట్టులో బిగించి ఉంది. ఇన్నేళ్ళు మేమంతా నవ్విన ఆ మొద్దు కత్తులు ఈమె తనకు తాను వేసుకున్న శిక్ష అని అప్పుడు, అంత ఆలస్యంగా, తెలిసింది. ఆ శిక్ష నాది. సోరకాయ కోస్తుంటే తెగిన ఆ వేలు కూడా నేను కోసిందే.

వాకిట్లోకి పోయి చెప్పేశాను. పెన్సిల్ దగ్గర మొదలుపెట్టి చెప్పాను. కత్తి బండ మీద పడ్డది, దాన్ని నేను నిలబెట్టి రాసింది, ఆమె నిద్రపోతుంటే ముత్తాదులో పెట్టింది, అవ్వ అడిగితే నేనన్నది, అన్నీ. నిద్రలో కొంగు తాకలేదని, తాకినా ఏమయ్యేది కాదని చెప్పాను. ఎక్కడా నన్ను నేను చిన్నపిల్లనని అనుకోలేదు, అనలేదు. ఆమే అంటుందని ఆశపడ్డాను మాత్రం. "చిన్నదానివి, నీకేమెరుక" అంటుందని. ఆ సిగ్గు కూడా ఉంది నాకు.

వదినె అనలేదు. కట్టున్న చేతిని కుడిచేత్తో పట్టుకుంది.

"మీ అన్నకెరుకనా?"

"లేదు వదినె."

"మామకు?"

"లేదు. ఎవలికీ చెప్పలే."

"మీ అన్న పోయేముంగట నా చెయ్యి పట్టుకొని, 'పోనీ తీయ్ రాజవ్వా, నీ మీద నాకేం లేదు' అన్నడు. నేను దండం పెట్టిన." ఆమె నాకేసి తిరిగింది. "ఎందుకు పెట్టిన దండం?"

ఎండలో ఇద్దరం ముసలివాళ్ళం నిలబడి ఉన్నాం. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"అది సరే సుగుణా. భయపడ్డవ్, చెప్పలే. మరి నా కత్తులు చూసి ఎందుకు నవ్వినవ్?"

వదినె నన్ను దాటుకుని వంటింట్లోకి పోయి, సామాను ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "నూరు, చూస్త" అంది. నూరాను. ఒక పక్క, తర్వాత రెండో పక్క. రాయి మార్చి మెల్లగా లాగాను. నా చేతులు ఎప్పటికంటే ఎక్కువ వణికాయి, రాయి మాత్రం దాని దారిన అది పోయింది. వదినె కళ్ళు ఒక్క క్షణం దాని మీదినుంచి తీయలేదు. పట్టు వదులు చేసి, బట్టతో వీపు వైపు నుంచి తుడిచి, కాగితం మీద పెట్టి చూపించాను. చప్పుడు లేకుండా తెగింది. అలవాటు కొద్దీ కత్తిని ఆమె ముందు బండ మీద పెట్టాను.

వదినె దాన్ని తీసుకోలేదు. కట్టు లేని చేయి నా ముందుకు చాపింది.

"చేతికియ్యి."

"కొట్లాట అయితది వదినె."

"కానీ. యాభై ఏండ్ల కొట్లాట ఉన్నది మన ఇద్దరికి. ఇయ్యి."

పిడి ఆమె వైపు తిప్పి, చేతిలో పెట్టాను.